చిన్నాన్న మెయిళ్ళు ఏ ఫైలుగా దాచాలి

మా చిన్నాన్న మెయిళ్ళన్నీ ఈఎంఎల్ ఫైళ్ళుగానే దాచాలని నిర్ణయించాను. ఒక్కో మెయిలుకి ఒక్కో ఫైలు. పీడీఎఫ్ కాదు, అవుట్‌లుక్ ప్రోగ్రాం మెయిళ్ళు దాచుకునే పీఎస్‌టీ కాదు. ఎందుకు అని ఇంట్లో ఒకళ్ళ తరవాత ఒకళ్ళు అడుగుతున్నారు. అందరికీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పడం కంటే ఒకసారి వివరంగా రాసి పెడితే నయమనిపించింది. పైగా పర్లాకిమిడిలోనూ బరంపురంలోనూ ఇలాంటి మెయిలు పెట్టెలు ఉన్న తెలుగువాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళకీ పనికొస్తుంది.

ముందు ఆ మెయిళ్ళు ఏమిటో చెప్పాలి. చిన్నాన్న పర్లాకిమిడిలో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఊళ్ళో తెలుగు సంఘం తరఫున ఉత్తరప్రత్యుత్తరాలన్నీ ఆయనే చూసేవారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం అటు, ఆంధ్ర వైపు, ఉండిపోయింది. అప్పటినుంచి ఇక్కడి తెలుగువాళ్ళు ఏది కావాలన్నా రాసి అడగాల్సిందే. తెలుగు బడిలో టీచరు పోస్టు ఖాళీగా ఉందని రాసినవి, పాఠ్యపుస్తకాలు అందలేదని రాసినవి, పిల్లలు తగ్గిపోతున్నారు ఏం చేద్దామని సంఘంలోవాళ్ళు ఒకరికొకరు రాసుకున్నవి, అన్నీ ఆ పెట్టెలో ఉన్నాయి. ఏటా ఆగస్టు 29కి వక్తల్ని పిలిచిన ఆహ్వానాలున్నాయి. గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊరి రాజావారి బళ్ళో పాఠాలు చెప్పినవారు, సవరల భాష నేర్చుకున్నది ఇక్కడే ఉండి. అందుకని ఆయన పుట్టినరోజు మాకు ఊరి పండగ.

వీటి మధ్యలో ఇంటి సంగతులు. నౌపడ–గుణుపురం చిన్న రైలు 2004లో ఆగిపోయినప్పుడు అమెరికాలో ఉన్న మా అన్నయ్యకి చిన్నాన్న రాసిన పెద్ద ఉత్తరం ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వెళ్ళాక, కరెంటూ ఫోనూ లేని రోజులు గడిచాక, "అందరం క్షేమం" అని చుట్టాలందరికీ ఒకేసారి పంపిన రెండు లైన్ల మెయిలు ఉంది. పెళ్ళి సంబంధాలు, భూమి పత్రాల స్కాన్లు, పెదనాన్న ఆసుపత్రిలో ఉన్నప్పటి కబుర్లు. సంఘం మినిట్స్ పుస్తకంలో తీర్మానం ఒక్కటే ఉంటుంది. ఆ తీర్మానం వెనక జరిగిన వాదన మొత్తం ఈ మెయిళ్ళలోనే ఉంది. ఇవి పోతే మళ్ళీ రాసేవాళ్ళు లేరు.

ఇప్పుడే ఎందుకంటే, మెయిళ్ళు రెండు చోట్ల ఉన్నాయి, రెండూ ఎక్కువ కాలం నిలిచేవి కావు. పాతవి ఇంట్లో ఉన్న విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లో, అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లో ఉన్నాయి. ఆ రోజుల్లో డయలప్ పెట్టి మెయిళ్ళు కిందికి దించుకుని, లైను కట్ చేసి, తీరిగ్గా చదివేవారు. సర్వర్ మీద కాపీ ఉండేది కాదు. ఆ కంప్యూటరు ఇంకా ఆన్ అవుతోంది, ఎన్నాళ్ళవుతుందో చెప్పలేం. తరవాతివి జీమెయిల్లో ఉన్నాయి. అక్కడ ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిలుకి, డ్రైవుకి, ఫోటోలకి కలిపే. పైగా రెండేళ్ళు ఎవరూ తెరవని ఖాతాని తీసేసే హక్కు గూగుల్ నియమాల్లో ఉంది, 2023 డిసెంబరు నుంచి అది అమల్లోకి వచ్చింది. చిన్నాన్న ఇప్పుడు కళ్ళ ఆపరేషన్ తరవాత కంప్యూటరు ముందు కూర్చోవడం బాగా తగ్గించారు. పాస్‌వర్డ్ ఆయనకొక్కరికే తెలుసు. ఈ పని ఆయన పక్కన ఉండగానే జరగాలి.

మా తమ్ముడు, అంటే చిన్నాన్న కొడుకు, విశాఖలో ఉంటాడు. వాడు మొదటి రోజే అన్నాడు: "అక్కా, ఎందుకంత టెన్షన్? అన్నీ పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టేద్దాం, ఎక్కడైనా తెరుచుకుంటుంది." చాలామంది మొదట అనుకునేది అదే. అందుకే పీడీఎఫ్ సంగతి ముందు చెబుతాను.

మెయిలు అంటే తెర మీద మనం చూసే పేజీ కాదు. దాని అసలు రూపం మామూలు టెక్స్టు. 1982లో ఆర్‌ఎఫ్‌సీ 822 అనే పత్రంలో ఆ రూపం రాసి పెట్టారు. 2001లో ఒకసారి, 2008లో ఒకసారి దాన్ని సవరించారు గానీ పునాది మారలేదు. పైన ఎవరు, ఎవరికి, ఎప్పుడు లాంటి వివరాలుండే హెడర్ లైన్లు, ఒక ఖాళీ లైను, ఆ కింద విషయం. జతచేసిన ఫోటోలు, డాక్యుమెంట్లు, ఇంగ్లీషు కాని లిపులు ఇమిడేలా 1992లో మైమ్ అనే ఏర్పాటు వచ్చింది. అది కూడా చివరికి అక్షరాల వరసే. ఈఎంఎల్ ఫైలు అంటే ఇదే టెక్స్టు, ఉన్నది ఉన్నట్టు. నోట్‌ప్యాడ్‌లో తెరిచినా కనిపిస్తుంది.

ఇప్పుడు ఒక మెయిలు దగ్గరగా చూపిస్తాను. పెదనాన్నకి బాగా లేనప్పుడు, 2008 జూన్లో, చిన్నాన్న పరిస్థితి రాస్తే అన్నయ్య ఇచ్చిన జవాబు. మొదట దాన్ని తెర మీంచి ప్రింట్ ఇచ్చి పీడీఎఫ్ చేసి చూశాను. దాని మీద టైము పొద్దున్న 11:40 అని వచ్చింది. మన కంప్యూటరు గడియారం ప్రకారం మార్చి చూపించిన టైము అది. తరవాత అదే మెయిలు అసలు టెక్స్టు తెరిచాను. డేట్ లైన్లో 01:10 అని ఉంది, పక్కనే మైనస్ 0500, ప్రపంచ ప్రామాణిక సమయానికి ఐదు గంటలు వెనక అని. అంటే అక్కడ అర్ధరాత్రి దాటి ఒంటిగంట పది. నిద్రపోకుండా కూర్చుని రాశాడన్నమాట. ఆ ఉత్తరంలో వాక్యాలు ఎందుకంత తెగిపోయి ఉన్నాయో నాకు అప్పుడర్థమైంది. పీడీఎఫ్ ఆ సంగతి చెప్పలేదు.

హెడర్లో ఇంకా చాలా ఉంటాయి. ఏ సర్వర్ల మీంచి వచ్చిందో చెప్పే రిసీవ్డ్ లైన్లు ఉంటాయి, వాటిని కిందినుంచి పైకి చదవాలి. ప్రతి మెయిలుకీ వేరుగా ఉండే మెసేజ్-ఐడీ ఉంటుంది. ఇది ఏ మెయిలుకి జవాబో చెప్పే ఇన్-రిప్లై-టు ఉంటుంది. తెలుగు బడి గురించి ఏడాది పొడుగునా సాగిన ఒక చర్చని వరసగా మళ్ళీ కూర్చాలంటే ఈ చివరి రెండే ఆధారం. సబ్జెక్టు మధ్యలో ఎన్నిసార్లు మారినా ఈ తీగ తెగదు. పీడీఎఫ్ చేసిన రోజే అదంతా పోతుంది.

తెలుగు విషయానికొస్తే పీడీఎఫ్‌తో ఇంకో చిక్కు ఉంది. పీడీఎఫ్ దాచేది అక్షరాల బొమ్మల్ని, అవి పేజీ మీద ఎక్కడ పడాలన్నదాన్ని. ఇంగ్లీషుకి పరవాలేదు. మన ఒత్తులు, గుణింతాలు బొమ్మల్లోకి మారాక, తిరిగి అక్షరాలుగా తీసే పట్టిక సరిగ్గా లేకపోతే కాపీ చేసినప్పుడు ముక్కలు ముక్కలుగా వస్తాయి. నేను చేసి చూసిన పీడీఎఫ్‌లో "ఉపాధ్యాయుడు" కంటికి చక్కగా కనిపించింది, వెతికితే మాత్రం దొరకలేదు. వెతకడానికి లొంగని ఉత్తరాల పెట్టె ఉండి ఏం ప్రయోజనం?

అసలు కారణం ఇంకొకటి, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. చిన్నాన్న పాత మెయిళ్ళలో కొన్ని తెరిస్తే తెలుగుకి బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. తల మీద గీత ఉన్న చిన్న ఏ అక్షరం, పక్కనే డిగ్రీ గుర్తు, ఆ పక్కన ఇంకేదో, మళ్ళీ ఏ, మళ్ళీ డిగ్రీ. లైన్లకి లైన్లు ఇదే. చూసినవాళ్ళెవరైనా పాడైపోయిందనే అంటారు. కానీ పాడవలేదు. అక్షరాలని కంప్యూటరు బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తూ మూడు బైట్లు. మొదటిది ఎప్పుడూ ఇ0. రెండోది బి0 గానీ బి1 గానీ. మధ్యలో ఏదో ప్రోగ్రాం ఈ మెయిలు పడమటి ఐరోపా లిపిలో ఉందని హెడర్లో తప్పు చీటీ పెట్టింది. ఆ లిపిలో ఇ0 అంటే గీత ఉన్న ఏ, బి0 అంటే డిగ్రీ గుర్తు. అంతే సంగతి. బైట్లు చెక్కుచెదరలేదు. చీటీ మార్చి యూటీఎఫ్-8 అని చెప్పగానే ఉత్తరమంతా తెలుగులో విచ్చుకుంది. అది 2006లో సంఘం వార్షికోత్సవానికి చిన్నాన్న రాసిన స్వాగతం. ఆయనే మర్చిపోయారు. చదివి వినిపిస్తుంటే మధ్యలో ఆపి, "అక్కడ ఆ వాక్యం నాది కాదమ్మా, హెడ్మాస్టారుగారు చేర్చమన్నారు" అన్నారు.

అదే మెయిల్ని పీడీఎఫ్ చేసి, అసలుది తీసేసి ఉంటే ఆ ఏలూ డిగ్రీలూ మాత్రమే మిగిలేవి. తప్పుగా చూపిస్తున్నది చూపించే ప్రోగ్రాం అయినప్పుడు, అసలు బైట్లు మన దగ్గర ఉంటే రేపు బాగుచేసుకోవచ్చు. నేను ఈఎంఎల్ వైపు గట్టిగా మొగ్గింది ఇక్కడే.

బైట్ల సంగతి వచ్చింది కాబట్టి సరిహద్దు జిల్లాల వాళ్ళకి పనికొచ్చే ఇంకో మాట. చిన్నాన్న పెట్టెలో తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ కలిసి ఉన్నాయి. అసలు టెక్స్టు చూసినప్పుడు తెలుగు అక్షరం ఈక్వల్ గుర్తులతో కనిపిస్తుంది: గ అయితే =ఇ0=బి0=97. ఒడియా గ అయితే =ఇ0=ఏసి=97. చివరి భాగం రెండిటికీ ఒకటే! మన లిపులన్నిటినీ ఇస్కీ అనే పాత భారతీయ లిపుల ప్రమాణం వరసలోనే యూనికోడ్‌లో అమర్చారు కాబట్టి గ ఎక్కడైనా తన వరసలో అదే చోట ఉంటుంది. మధ్య బైటు చూస్తే చాలు ఉత్తరం ఏ భాషదో తెలుస్తుంది. బేస్64 అనే ఇంకో పద్ధతిలో ఉంటే, తెలుగుతో మొదలయ్యే సబ్జెక్టు 4ఎల్‌సి అని, ఒడియాతో మొదలయ్యేది 4కెవై అని మొదలవుతుంది. ఇది తెలిశాక, తెరవకుండానే ఒడియా మెయిళ్ళని వేరు చేయగలిగాను. వాటిని నాకంటే బాగా చదవగలిగిన మా ఆడపడుచుకి అప్పగించాను.

పీఎస్‌టీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. నేను పనిచేసే అకౌంట్స్ ఆఫీసులో రోజూ వాడేది అదే, ఆఫీసు పనికి బాగానే ఉంటుంది. పాత రకం పీఎస్‌టీకి 2 జీబీ హద్దు ఉండేది, అవుట్‌లుక్ 2003తో వచ్చిన కొత్త రకంలో హద్దు పెరిగింది, తెలుగు అక్షరాలకీ చోటు దొరికింది. 2010లో మైక్రోసాఫ్ట్ దాని లోపలి నిర్మాణాన్ని బయటపెట్టింది కూడా. అయినా అన్ని మెయిళ్ళూ ఒకే ఫైల్లో, ప్రత్యేకమైన ప్రోగ్రాం లేకపోతే ఒక్క ముక్కా చదవలేని రూపంలో ఉంటాయి. ఇరవై ఏళ్ళ తరవాత మా పిల్లలు తెరవాల్సిన వాటికి అది తగదు.

అసలు పోటీ ఎంబాక్స్‌తోనే. అది తీసిపారేయాల్సింది కాదు. గూగుల్ మన డేటాని దించుకోనిచ్చే సేవ టేకౌట్‌లో మెయిళ్ళు అడిగితే వచ్చేది ఎంబాక్సే, థండర్‌బర్డ్ అనే మెయిలు ప్రోగ్రాం మామూలుగా లోపల దాచుకునేదీ ఎంబాక్సే. ఉత్తరాలన్నిటినీ ఒకే కాగితపు చుట్ట మీద ఒకదాని కింద ఒకటి అతికించినట్టుంటుంది అది. ఇదీ మామూలు టెక్స్టే, అందుకని నమ్మదగ్గదే. ఒక ఉత్తరం ఎక్కడ అయిపోయి ఇంకోటి ఎక్కడ మొదలవుతుందో తెలియడానికి, ప్రతి దాని ముందు ఫ్రమ్ అనే మాట, ఒక ఖాళీ, ఆ తరవాత పంపినవాళ్ళ చిరునామా, తేదీ ఉన్న లైను పెడతారు.

మరి ఉత్తరంలోనే ఒక లైను ఫ్రమ్ అని మొదలైతే? చిన్నాన్న ఇంగ్లీషులో దారి చెప్పేటప్పుడు అలాగే రాస్తారు. "ఫ్రమ్ పలాస" అని లైను మొదలుపెట్టి బస్సులు ఎక్కడ మారాలో చెబుతారు. బయటినుంచి వచ్చే వక్తలకి ఏటా పంపే మెయిలే కాబట్టి ఇలాంటి లైన్లు బోలెడు. ఎంబాక్స్ రాసే ప్రోగ్రాం ఆ ఫ్రమ్ ముందు బాణం గుర్తు తగిలిస్తుంది, కొత్త ఉత్తరం అనుకోకుండా ఉండటానికి. చదివేటప్పుడు కొన్ని ప్రోగ్రాంలు ఆ బాణం తీసేస్తాయి, కొన్ని అలాగే వదిలేస్తాయి. ఎంబాక్స్‌లో నాలుగు రకాలున్నాయి, ఫైలు చూసి ఏ రకమో చెప్పలేం. 2005లో ఆర్‌ఎఫ్‌సీ 4155 వచ్చింది గానీ అప్పటికే ఎవరి అలవాటు వాళ్ళకి స్థిరపడిపోయింది. ఒక బాణం గుర్తు వల్ల ఉత్తరం అర్థం మారదు, నిజమే. కానీ చిన్నాన్న రాయనిది ఆయన ఉత్తరంలో ఉండటం నాకు ఇష్టం లేదు.

అంతకంటే పెద్ద ఇబ్బంది సైజు. టేకౌట్ ఇచ్చిన ఫైలు పాత పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కలేదు. ఆ పెన్‌డ్రైవ్‌లు ఫ్యాట్32 అనే పాత అమరికలో ఉంటాయి, అందులో ఏ ఒక్క ఫైలూ 4 జీబీ దాటకూడదు. జతచేసిన ఫోటోలు బేస్64లోకి మారేటప్పుడు మూడోవంతు ఉబ్బుతాయి కాబట్టి పెద్ద పెట్టె ఏదైనా ఆ హద్దు తేలిగ్గా దాటేస్తుంది. ఒక్క మెయిలు సరిచేసినా ఫైలు మొత్తం మారిపోయినట్టే, కాపీలన్నీ మళ్ళీ తీయాలి. సంఘం మెయిళ్ళని ఇంటి మెయిళ్ళ నుంచి విడదీయాలంటే ఆ చుట్టని కోయాలి. మాకు ఈ విడదీయడమే ముఖ్యం.

మెయిల్‌డిర్ అని ఇంకో పద్ధతి ఉంది. క్యూమెయిల్ అనే మెయిలు సర్వర్ ప్రోగ్రాం రాసిన డేనియల్ బెర్న్‌స్టైన్ తెచ్చింది. మెయిలుకో ఫైలు, మూడు ఫోల్డర్లు: టెంప్, న్యూ, కర్. సర్వర్లకి చాలా చక్కటిది. అయితే చదివిందీ చదవందీ లాంటి గుర్తుల్ని ఫైలు పేరు చివర కోలన్ పెట్టి రాస్తుంది. విండోస్‌లో ఫైలు పేరులో కోలన్ కుదరదు. మా ఇంట్లో అందరివీ విండోసే. అక్కడితో ఆ ఆలోచన వదిలేశాను.

కాబట్టి ఈఎంఎల్. టేకౌట్ ఇచ్చిన ఎంబాక్స్‌ని ముట్టుకోకుండా ఒక మూల అలాగే ఉంచాను, అది అసలు ప్రతి. దాన్ని థండర్‌బర్డ్‌లోకి తెచ్చి, ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ టూల్స్ ఎన్‌జీ అనే యాడాన్‌తో ఫోల్డరు ఫోల్డరుగా ఈఎంఎల్ ఫైళ్ళు తీశాను. జీమెయిల్ లేబుళ్ళు ఏమవుతాయోనని భయపడక్కర్లేదు, టేకౌట్ వాటిని ఒక హెడర్ లైనుగా ప్రతి మెయిల్లోనే రాస్తుంది. ఎక్స్‌పీ కంప్యూటర్లో పని ఇంకా తేలిక. అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ తన లోపల డీబీఎక్స్ అనే సొంత రూపంలో దాచుకుంటుంది గానీ, మెయిళ్ళని ఎంచుకుని మౌసుతో బయట ఒక ఫోల్డర్లోకి లాగి వదిలితే అవి ఈఎంఎల్ ఫైళ్ళయి కూర్చుంటాయి. ఇలాంటి పాత కంప్యూటరు మీ ఇంట్లోనూ ఉంటే, డీబీఎక్స్‌ని మార్చే సాఫ్ట్‌వేర్లు కొనే ముందు ఇది చేసి చూడండి. ఒక్కో ఫోల్డరు కొంచెం కొంచెంగా లాగాలి, ఒకేసారి అంతా లాగితే పాత కంప్యూటరు బిగుసుకుపోతుంది.

ఇక పేర్లు. అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఫైలుకి సబ్జెక్టునే పేరుగా పెడుతుంది. ఫలితం, "ఆర్ఈ" అని మొదలయ్యే ఫైళ్ళు వందల్లో. నేను తేదీని ముందు పెట్టాను: 2007, గీత, 08, గీత, 14, టైము, ఆ తరవాత ఒక చిన్న ఇంగ్లీషు మాట. తేదీ ఈ వరసలో ఉంటే ఫైళ్ళు వాటంతట అవే కాలక్రమంలో నిలబడతాయి. తెలుగులో పేర్లు పెట్టాలని నాకు బాగా ఉండేది. కానీ లినక్స్‌లో ఫైలు పేరుకి 255 బైట్ల హద్దు ఉంది. తెలుగులో ఒక్కో గుర్తుకి మూడు బైట్లు, ఒత్తుతో ఉన్న "స్త్రీ" లాంటి ఒక్క అక్షరానికే పద్దెనిమిది బైట్లు పోతాయి. పైగా జిప్ చేసి పంపినప్పుడు కొన్ని పాత ప్రోగ్రాంలు తెలుగు పేర్లని చిందరవందర చేస్తాయి. అందుకని తెలుగు సబ్జెక్టులన్నీ విడిగా ఒక పట్టికలో రాశాను: తేదీ, ఎవరు, ఎవరికి, విషయం, ఫైలు పేరు. ఆ పట్టిక సీఎస్‌వీ, అంటే గడుల మధ్య కామాలు పెట్టిన మామూలు టెక్స్టు. దాన్ని నేరుగా ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేస్తే మళ్ళీ ఆ ఏలూ డిగ్రీలే కనిపించవచ్చు. డేటా మెనూలోంచి తెచ్చుకుని యూటీఎఫ్-8 అని చెప్పాలి.

పట్టికలో ఊరి పేరు ఒకే రకంగా రాశాను. మెయిళ్ళలో మాత్రం ఇంగ్లీషులో పర్లాకిమిడికి ఎన్ని స్పెల్లింగులో! సంఘం లెటర్‌హెడ్‌లో ఒకటి, స్టేషన్ బోర్డు మీదది ఒకటి, జిల్లా కాగితాల్లోది ఒకటి. రాష్ట్రం పేరు కూడా 2011 వరకు ఒక స్పెల్లింగు, తరవాత ఇంకోటి. మెయిళ్ళలో ఉన్నది మార్చలేదు, మార్చకూడదు. వెతికేవాళ్ళ కోసం పట్టికలో ఒక గడి పెంచాను, అంతే.

ఈఎంఎల్ అయినా అన్నీ దక్కుతాయని కాదు. మెయిల్లో జతచేసిన ఫోటోలు మెయిలుతోనే ఉన్నాయి, లింకులిచ్చినవి లేవు. అన్నయ్య ఒక ఆల్బమ్ సేవ లింకుగా పంపిన పిల్లల ఫోటోలు, ఆ సేవ మూతపడటంతో పోయాయి. అన్నయ్య తన పాత డిస్కుల్లో వెతుకుతానన్నాడు. ఆహ్వాన పత్రికలు పేజ్‌మేకర్ ఫైళ్ళుగా వచ్చాయి, అను ఫాంట్లలో. అప్పటి డీటీపీ అంతా అదే. ఆ ఫాంట్లు లేకుండా తెరిస్తే తెలుగు కనిపించదు, ఎందుకంటే అందులో ఉన్నది ఇంగ్లీషు అక్షరాల చోటుల్లో కూర్చోబెట్టిన తెలుగు ముక్కలు. ఆ పత్రికలకి మాత్రం పీడీఎఫ్ చేయించాను. పర్లాకిమిడిలో ఇప్పటికీ ఆ ఫాంట్లున్న ఒక ప్రింటింగ్ ప్రెస్ ఆయన ఓపిగ్గా కూర్చుని తీసిచ్చారు. మెయిల్లోంచి అసలు ఫైలు తీసేయలేదు, పక్కన పీడీఎఫ్ పెట్టానంతే.

చదువుకోవడానికీ పీడీఎఫ్ చేస్తున్నాను. చిన్నాన్నకి ఈఎంఎల్ ఫైళ్ళు చూపిస్తే, "ఇది ఏటమ్మా, నేను ఎలా చదివీది?" అన్నారు. ఆయనకి కావాల్సింది పెద్ద అక్షరాల్లో కాగితం. ఆయన ఎంచినవి పద్దెనిమిది పాయింట్ల సైజులో ప్రింట్ తీసి స్పైరల్ బైండింగ్ చేయించి ఇస్తున్నాను. ప్రింటు చదువుకోవడానికి, ఈఎంఎల్ దాచడానికి. రెండు పనులకీ ఒకే ఫైలు ఉండాలని పట్టుబట్టడం వల్లే ఎక్కువమంది పీడీఎఫ్ దగ్గర ఆగిపోతారని నా నమ్మకం.

ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది ఆయనే చెబుతున్నారు. సాయంత్రం టీ తాగాక కూర్చుంటాం. నేను పట్టిక చదువుతాను, ఆయన "సంఘం", "ఇల్లు", "వద్దు" అంటారు. ఒక సంబంధం గురించి ఎవరో రాసిన మాటలు చదవబోతే, "వద్దమ్మా, ఆ పిల్ల ఇప్పుడు సుఖంగా ఉంది" అన్నారు. దాన్ని తీసేశాను, అసలు ఎంబాక్స్ లోంచి కూడా తీయాలన్నారు. ఈ ఒక్కచోట ఎంబాక్స్‌ని ముట్టుకోవాల్సి వస్తుంది. అన్నీ అయ్యాక, ఆయన వద్దన్నవన్నీ వదిలేసి కొత్త ఎంబాక్స్ ఒకటి తయారుచేసి పాతది చెరిపేస్తాను. ఎంత ముఖ్యమైన రికార్డు అయినా, రాసినవాళ్ళూ అందుకున్నవాళ్ళూ బతికుండగా వాళ్ళ మాట దాటకూడదనే నేననుకుంటాను.

కాపీలు మూడు. ఒకటి పర్లాకిమిడి ఇంట్లో, ఒకటి బరంపురంలో నా దగ్గర, ఒకటి విశాఖలో తమ్ముడి దగ్గర. ఫైలిన్ బరంపురం వైపు, హుద్‌హుద్ విశాఖ మీద, తిత్లీ మా ఊరి మీద పడ్డాయి, మూడూ వేరువేరు ఏళ్ళలో. మూడు ఊళ్ళూ ఒకే తుపానుకి మునగవన్న లెక్కతో ఈ పంపకం. ప్రతి డిస్కులోనూ షా-256 జాబితా ఉంది, అంటే ప్రతి ఫైలుకీ ఒక పొడవాటి సంఖ్య. ఒక్క బైటు మారినా ఆ సంఖ్య మారిపోతుంది. ఏటా ఆగస్టు 29 వచ్చినప్పుడు ముగ్గురం సరిచూసుకోవాలని అనుకున్నాం. తమ్ముడు ఇప్పుడు పీడీఎఫ్ మాట ఎత్తడం లేదు, సరిచూసే చిన్న ప్రోగ్రాం వాడే పైథాన్‌లో రాసి పంపాడు.

ఇంకా పని మిగిలే ఉంది. రెండు చోట్లా ఉన్న మెయిళ్ళని మెసేజ్-ఐడీ చూసి ఒకటే ఉంచాలి. 2009 ఫోల్డర్లో ఇంగ్లీషు అక్షరాలతో రాసిన తెలుగు ఉత్తరాలు చాలా ఉన్నాయి, పట్టికలో వాటి విషయం తెలుగులో రాయాలి. ఒడియా మెయిళ్ళు మా ఆడపడుచు చదువుతోంది, బడి గురించి జిల్లా నుంచి వచ్చిన జవాబులు వాటిలోనే ఉన్నాయట. అవి తేలాక సంఘానికి ఒక డిస్కు ఇస్తాం. అందులో "సంఘం" అని చిన్నాన్న చెప్పినవే ఉంటాయి, పట్టికా ఉంటుంది, తెరవడం ఎలాగో తెలుగులోనూ ఒడియాలోనూ రాసిన ఒక పేజీ ఉంటుంది.